చెట్టు ఏం తిని పెరుగుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఒక పెద్ద మర్రి ఎన్నో టన్నులు తూగుతుంది. అంత సరుకూ నేలలోంచి వస్తే చెట్టు మొదట్లో గొయ్యి పడాలి కదా, ఎందుకు పడదు? పిల్లలు అడిగితే సరిగా చెప్పలేకపోయాను.
– ఉపాధ్యాయురాలు, చంద్రగిరి

జవాబు: ఆ సరుకు నేలది కాదు కనుక పడదు. కట్టెలపొయ్యి ఉన్న ఇంట్లో అయితే పిల్లలకు కళ్లముందే చూపించవచ్చు. బాగా ఎండిన కట్టెలు 100 కిలోలు కాలిస్తే మిగిలే బూడిద ఒక కిలో, మహా అయితే రెండు. చెట్టు నేల నుంచి తీసుకున్న కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం వగైరా దాదాపు అంతా ఆ బూడిదలోనే ఉంటుంది. నత్రజని కూడా నేల నుంచి వచ్చినదే. అది మంటలో పోతుంది గానీ, 100 కిలోల కట్టెలో అది కిలో కూడా ఉండదు.

మిగతాదంతా గాలి, నీళ్లు. ఎండు కట్టె బరువులో ఇంచుమించు 50 పాళ్లు కార్బన్, 43 పాళ్లు ఆక్సిజన్, 6 పాళ్లు హైడ్రోజన్. కార్బన్, ఆక్సిజన్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తాయి, హైడ్రోజన్ నీళ్ల నుంచి. చెట్టు బయటికి వదిలే ఆక్సిజన్ మాత్రం కార్బన్ డయాక్సైడ్‌ది కాదు, నీళ్లది. పాఠ్యపుస్తకం చదివిన పెద్దలు కూడా ఇక్కడే తడబడతారు. బరువైన ఆక్సిజన్‌ను గుర్తుగా వాడి రూబెన్, కామెన్ బృందం 1941లో ఈ సంగతి తేల్చింది.

మీరు అడిగిన ప్రశ్న పాతదే. వాన్ హెల్‌మాంట్ అనే వైద్యుడు సుమారు 90 కిలోల ఎండు మట్టిలో రెండుంపావు కిలోల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు ఒట్టి వాన నీళ్లు పోశాడు. చెట్టు 77 కిలోలయింది, మట్టి తగ్గింది 57 గ్రాములే. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ లెక్క ఉంది. చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన అనుకున్నాడు. విచిత్రమేమంటే ‘గ్యాస్’ అన్న మాట పుట్టించినదీ, బొగ్గు కాలితే వచ్చే వాయువును గుర్తించినదీ ఆయనే. చెట్టుకు తిండి ఆ వాయువేనని మాత్రం తోచలేదు.

ప్రశ్న: మాది 12 ఏళ్ల తోతాపురి మామిడి తోట, ఎర్ర గరప నేల. చెట్టుకు 4 కిలోల యూరియా చొప్పున సెప్టెంబరు, అక్టోబరుల్లో వేశాం. చెట్లు పచ్చగా కళకళలాడుతున్నాయి, పూత మాత్రం అంతంతే. ఇంకేం వేయాలి?
– రైతు, బంగారుపాళ్యం

జవాబు: ఇంకేమీ వేయకండి, వేసినదే ఎక్కువైంది. పదేళ్లు దాటిన మామిడికి ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి కిలో చొప్పున సిఫారసు. యూరియాలో నత్రజని 46 శాతమే కాబట్టి కిలో నత్రజని అంటే 2 కిలోల 170 గ్రాముల యూరియా. మీరు వేసినది దాదాపు రెట్టింపు. భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఆరుంపావు కిలోలు, పొటాష్‌కు మ్యూరేట్ ఒకటి ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ పడతాయి. లేత తోటలకు మొదటి ఏడు 100 గ్రాముల చొప్పున మొదలుపెట్టి, ఏటా మరో 100 పెంచుకుంటూ పదో ఏటికి కిలోకు చేరాలి.

మోతాదు కన్నా పెద్ద తప్పు వేళ. మామిడికి ముదిరిన కొమ్మ కొసనే పూత వస్తుంది. కోత అయ్యాక జూన్, జులైల్లో వచ్చిన చిగురు నాలుగైదు నెలలు ముదిరి, ఆపైన కాస్త బెట్టకు (నీటి ఎద్దడికి) వస్తే మొగ్గ పూతకు తిరుగుతుంది. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతూనే ఉంటాయి. బెట్ట దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో మీరు నత్రజని అందించారు. దాంతో చెట్టు కొత్త చిగురు తొడిగి, దాచుకున్న పిండిపదార్థమంతా దానికే పెట్టేసింది. లేత చిగురు అదే ఏడు పూయదు.

వచ్చే ఏడు నుంచి కోత కాగానే, తొలకరి పదునులో పశువుల ఎరువు, భాస్వరం మొత్తం, నత్రజని, పొటాష్‌లలో సగం వేయండి. తక్కిన సగం పిందె బఠాణీ గింజంత అయ్యాక, నీటి వసతి ఉంటేనే. వర్షాధారమైతే అన్నీ తొలకరిలోనే. ఎరువును మొదలు పక్కన కుప్ప పోయడం దండగ. మొదట్లో ఉండేవి చెట్టును నిలబెట్టే లావు వేళ్లు, ఎరువు తాగే సన్నవేళ్లు అక్కడ పెద్దగా ఉండవు. మొదలుకు ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో, కొమ్మల నీడ అంచు దాకా, జానెడు లోతు మించకుండా చాలు తీసి వేసి మట్టి కప్పండి. నాగలితో లోతుగా దున్ని వేస్తే ఆ సన్నవేళ్లే తెగుతాయి.

పిందె పట్టినప్పటి నుంచి అసలు కరువు ఎరువుది కాదు, నీళ్లది. ఆకు అడుగున ఉండే సూక్ష్మరంధ్రాలే చెట్టు నోరు. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్లేదీ, నీటి ఆవిరి బయటికి పోయేదీ ఆ దారినే. గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లలో 420 పాళ్లే కావడంతో, ఒక్క అణువు పట్టుకునేలోపు కొన్ని వందల నీటి అణువులు ఆవిరైపోతాయి. వేరు తాగిన నీటిలో నూటికి 97 పాళ్లకు పైగా ఇలాగే గాలిలో కలుస్తుంది. నేల ఎండితే చెట్టు నోరు మూసుకుంటుంది. దాహం నుంచి బయటపడుతుంది గానీ తిండీ ఆగిపోతుంది. మే నెల మధ్యాహ్నం తడి లేని తోటలో ఆకులు పచ్చగానే ఉన్నా పని చేయవు, కాయ ఊరదు. మీరు ఎంత యూరియా పోసినా ఆ మూసిన నోరు తెరుచుకోదు. పొటాష్ ఇక్కడ కొంత ఆదుకుంటుంది, ఎందుకంటే ఆ రంధ్రాలు తెరిచి మూసే కణాలు పొటాషియంతోనే ఉబ్బుతాయి, తగ్గుతాయి.

డ్రిప్పు లెక్క ఇలా వేసుకోండి. నీడ అడ్డం 6 మీటర్లయితే విస్తీర్ణం 28 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుని, అందులో 60 శాతం ఇస్తే చెట్టుకు రోజుకు సుమారు 100 లీటర్లు. డ్రిప్పర్లు మొదలు దగ్గర రెండు పెడితే చాలదు, నీడ అంచున చుట్టూ నాలుగు నుంచి ఆరు ఉండాలి. డిసెంబరులో పూమొగ్గ తిరిగే దాకా మాత్రం కాపు తోటకు నీళ్లు ఆపేయాలి.

లోపాలు చూసేటప్పుడు ముందు ఏ ఆకు చెడిందో గమనించండి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం చెట్టులో కదిలే పోషకాలు. తక్కువైతే చెట్టు ముదురాకుల్లోంచి లాగి చిగురుకు ఇస్తుంది కాబట్టి ముదురాకు ముందు పాలిపోతుంది. ఇనుము, జింకు అలా కదలవు, లేతాకే చెబుతుంది. కొసన ఆకులు చిన్నవై, సన్నబడి గుత్తిగా కూడితే జింకు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేట్, 10 గ్రాముల యూరియా కలిపి చిగురు మీద పిచికారీ చేయండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం తెల్లబారితే ఇనుము లోపం. అందుకు లీటరుకు 2.5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మఉప్పు.

ప్రశ్న: పొలం గట్టు మీది వేపకు కంచె తీగ చుట్టాం. తీగ పైన కాండం ఉబ్బింది, కింద సన్నగా ఉంది. చెట్టుకు ముప్పా? మేకు కొడితే ఏటేటా పైకి పోతుందా?
– పాకాల

జవాబు: ముప్పే. నీళ్లు చెక్కలోంచి పైకి ఎక్కుతాయి, ఆకు చేసిన చక్కెర బెరడు లోపలి పొరలోంచి వేళ్లకు దిగుతుంది. తీగ నొక్కేది ఆ పొరనే. దిగాల్సిన చక్కెర పైనే నిలిచి అక్కడ ఉబ్బు, కింద వేళ్లకు పస్తు. నీళ్ల దారి బాగానే ఉండడంతో ఆకులు నెలల తరబడి పచ్చగా కనిపించి మోసం చేస్తాయి. దాచుకున్నది అయిపోయాక వేళ్లు చస్తాయి, అప్పుడు చెట్టంతా ఒక్కసారి ఎండుతుంది. తీగ బయటికి కనిపిస్తుంటే వెంటనే కత్తిరించండి. బెరడు కప్పేసి ఉంటే లాగకండి, లాగితే మిగిలిన బెరడూ ఊడుతుంది. కనిపించే చోటల్లా రెండు మూడు తుంపులు చేసి వదిలేయండి.

మేకు ఎక్కడ కొడితే ఆ ఎత్తులోనే ఉంటుంది. కాండం అక్కడ లావెక్కుతుందే కానీ పొడవు పెరిగేది కొసల్లోనే.

ప్రశ్న: ఎనిమిదేళ్ల ఎర్రచందనం చెట్టును కాస్త చెక్కి చూస్తే తెల్లగా ఉంది. నీళ్లు, యూరియా పెంచితే చేవ పడుతుందా?
– పుత్తూరు

జవాబు: లావు వేరు, చేవ వేరు. నీళ్లు, నత్రజని పెంచితే ముందు పెరిగేది నీరు మోసే తెల్లచెక్క. ఆ చెక్క లోపలివైపు పాతబడి, దాని బతికున్న కణాలు చనిపోతూ శాంటలిన్ అనే ఎర్ర రంగుతో, మరికొన్ని పదార్థాలతో నిండితే చేవ. ఎనిమిదేళ్లకు అది లేకపోవడం వింత కాదు, పనికొచ్చే చేవకు ఇరవై ఏళ్లు పైమాటే. పైగా ఇది చిక్కుడు జాతి చెట్టు. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలి నత్రజనిని పట్టి ఇస్తుంది. యూరియా ఎక్కువైతే ఆ బుడిపెలే తగ్గిపోతాయి. శేషాచలం రాళ్ల నేలలో పుట్టిన చెట్టిది, నీరు నిలిస్తే ఓర్చుకోదు. చెక్కి చూడడం ఇక మానండి, ఆ గాయంలోంచి బూజు లోపలికి పోతుంది. నరకాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి అని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: రాత్రి చింతచెట్టు కింద పడుకుంటే కార్బన్ డయాక్సైడ్‌తో ప్రాణం పోతుందంటారు. నిజమా?
– తిరుపతి

జవాబు: కాదు. చెట్టు పగలు చేసుకున్న చక్కెరలో ఇంచుమించు సగం శ్వాసకే ఖర్చుపెడుతుంది, రాత్రి ఆ వాయువు వదులుతుంది కూడా. కానీ ఆరుబయట గాలి దాన్ని నిలవనివ్వదు. పక్కన పడుకున్న మనిషీ రోజుకు కిలో దాకా వదులుతాడు, ఆయన్ని చూసి ఎవరూ భయపడరు కదా. చింతాకులు రాత్రి ముడుచుకుంటాయి, దయ్యం కథలకు అదీ ఒక ఊతమేమో. ఎండు కొమ్మ మీద పడుతుందేమో మాత్రం చూసుకోండి.

ప్రశ్న: ఇంటి ముందు వేప చుట్టూ టైల్స్ పరిచాం. రెండేళ్లుగా కొసలు ఎండుతున్నాయి. నీళ్లు రోజూ పోస్తున్నాం.
– తిరుపతి

జవాబు: వేళ్లకు నీళ్లతో పాటు గాలీ కావాలి. ఆక్సిజన్ అందకపోతే వేరు చక్కెరను కరిగించి శక్తి చేసుకోలేదు, ఆ శక్తి లేకపోతే పోషకాలను లోపలికి లాక్కోలేదు. టైల్స్ మూసేసిన మట్టిలో రోజూ నీళ్లు పోయడం వల్ల ఉన్న గాలీ పోతోంది. మొదలు చుట్టూ కనీసం మీటరు మేర టైల్స్ తీయించండి, ఇంకా ఎక్కువ తీయగలిగితే మరీ మంచిది. గట్టిపడిన మట్టిని వేళ్లు తెగకుండా చేతిపారతో వదులు చేసి, ఎండాకులు మూడు నాలుగు అంగుళాలు పరవండి, కాండానికి ఆనకుండా. నీళ్లు వారానికోసారి, బాగా దిగేలా. రాలిన ఆకులు ఊడ్చి కాల్చేవాళ్లయితే చెట్టు తిండిని మీరే కాలుస్తున్నట్టు.

ప్రశ్న: కళాశాల ప్రాజెక్టుకు ఒక వేపలో ఎంత కార్బన్ ఉందో లెక్కకట్టాలి. నరకకుండా ఎలా?
– విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: టేపు చాలు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీయండి. 1.26 మీటర్లు ఉందనుకుందాం. చుట్టుకొలతను దానితోనే గుణించి 12.57తో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం, 0.126 చదరపు మీటర్లు. ఎత్తు 8 మీటర్లు, కాండం పైకి పోనుపోను సన్నబడుతుంది కనుక సగం తీసుకోండి. ఘనపరిమాణం 0.5 ఘనపు మీటరు. వేప ఎండు చెక్క ఘనపు మీటరుకు 650 కిలోలు అనుకుంటే 325 కిలోలు, కార్బన్ అందులో సగం, 162 కిలోలు. దాన్ని 3.67తో గుణిస్తే చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్ సుమారు 600 కిలోలు. కొమ్మలు, వేళ్లు ఇందులో లేవు, ఆ సంగతి నివేదికలో రాయండి. వేళ్లకు పై భాగం బరువులో పావు వంతు కలపడం వాడుక.

ఎక్కువమంది చేసే తప్పు పచ్చి చెక్క బరువు తీసుకోవడం. పచ్చి కట్టెలో దాదాపు సగం నీళ్లే. రెండో తప్పు బుడిపె మీద కొలవడం, బుడిపె ఉంటే దానికి కాస్త పైన కొలవండి. ఏడాది తర్వాత అదే గుర్తు దగ్గర మళ్లీ కొలిచి చుట్టుకొలత 1.29 మీటర్లు వస్తే, ఎత్తు మారలేదనుకున్నా, ఆ మూడు సెంటీమీటర్ల లావులో చేరినది 16 కిలోల కట్టె, అంటే 29 కిలోల కార్బన్ డయాక్సైడ్. గుర్తుకు రంగు పెట్టండి, మేకు కొట్టవద్దు.