రోగి ‘సరే’ అన్నంత మాత్రాన సరిపోదు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీకు సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పోస్టింగు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఇంజెక్షను చేయడం, సెలైను పెట్టడం, డ్రెస్సింగు మార్చడం నీకు కాలేజీలో బాగానే నేర్పి ఉంటారు. 34 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో గడిపిన నేను చెప్పదలచుకున్నది రోగితో మాట్లాడడం గురించి. మన దగ్గరికి వచ్చేవారిలో చాలామంది సిస్టరుకు ఎదురు చెప్పరు. అర్థమైనా కాకపోయినా ‘సరేనమ్మా’ అంటారు. ఆ ‘సరే’ను నమ్మి నేను చేసిన పొరపాటు ఒకటి ముందుగా చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మర్నాడు హెర్నియా ఆపరేషను జరగవలసిన ఒక పెద్దాయనకు నైట్ డ్యూటీలో ‘పొద్దున ఏమీ తినకూడదు తాతా’ అని చెప్పి ముందుకు వెళ్ళిపోయాను. ఆయన తల ఊపాడు. తెల్లవారాక థియేటరులోకి తీసుకెళ్ళే ముందు మత్తు డాక్టరుగారు అడిగితే, ‘ఏమీ తినలేదు బాబూ, రెండు గ్లాసుల కాఫీ తాగానంతే’ అన్నాడు. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు కనుక, మంచినీళ్ళయితే 2 గంటలు, పాలు కలిసినదేదైనా అయితే అన్నంతో సమానంగా కనీసం 6 గంటలు ఆగాలి. ఆపరేషను వాయిదా పడింది. కోతల రోజుల్లో పనులు వదులుకుని వచ్చిన ఆయన కొడుకు మరో నాలుగు రాత్రులు వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. తప్పు ఆ తాతది కాదు. మన మాటల్లో తినడం వేరు, తాగడం వేరు. నేను చెప్పిన మాటకు ఆయన అక్షరాలా కట్టుబడ్డాడు. అప్పటి నుంచి అన్నం, టిఫిను, కాఫీ, టీ, పాలు, మజ్జిగ, జావ అని ఒక్కొక్కటీ పేరు పెట్టి, ఎన్ని గంటల నుంచి ఏది మానాలో గోడ గడియారం చూపించి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

‘అర్థమైందా?’ అని ఎవరినీ అడగవద్దు. ఆ ప్రశ్నకు ‘ఆఁ’ తప్ప వేరే జవాబు రాదు. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికి వెళ్ళాక మీ కోడలికి ఈ మందుల సంగతి ఎలా చెబుతారో ఒకసారి నాకు చెప్పండి’ అని అడిగి చూడు. పరీక్ష తనకు కాదు, నీకేనని తెలిసేసరికి వారికి బెరుకు పోతుంది, ఎక్కడ తికమకపడ్డారో బయటపడుతుంది.

ఇన్సులిన్ విషయంలో నోటితో చెప్పించడం కూడా చాలదు, చేసి చూపించమనాలి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల సీసాకు నారింజ రంగు మూతది. మందుల షాపులో ఏది చేతికిస్తే అది తెచ్చుకునేవారు ఎందరో. 40 సీసాలోని మందును 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే, షుగరు తగ్గదు. 100 సీసాలోని మందును 40 సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్ళేది 50 యూనిట్లు, మనిషి స్పృహ తప్పి పడిపోవచ్చు. అందుకని డిశ్చార్జి కాగితం చేతికిచ్చే ముందు వారి సీసా, వారి సిరంజి తెప్పించి, నీ కళ్ళ ముందే మందు లాగమను. వార్డు ఎంత రద్దీగా ఉన్నా ఈ పని మానవద్దు.

పేరు అడిగేటప్పుడు కూడా జాగ్రత్త ఇదే. ‘మీరు లక్ష్మిగారేనా?’ అంటే నిద్రలో ఉన్న మనిషి ‘ఊఁ’ అంటుంది, పక్క మంచం మీద మరో లక్ష్మి ఉంటుంది. ‘మీ పేరు చెప్పండి’ అని అడిగి, కేసు షీటులోని ఐపీ నంబరుతో, అంటే ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చిన నంబరుతో, సరిచూసుకున్నాకే ఇంజెక్షను చెయ్యి. ఎలర్జీ ఉందా అంటే చాలామంది లేదంటారు. ‘ఏ మందైనా మీకు పడలేదా, దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా?’ అని అడిగితే అప్పుడు గుర్తు చేసుకుంటారు. ఆడవాళ్ళను తెల్లబట్ట గురించీ, నెల తప్పడం గురించీ అడగవలసి వస్తే, అత్తగారైనా భర్తయినా సరే, కాసేపు బయట ఉండమని చెప్పి తెర లాగి అడుగు.

నలిగిన బట్టలవారిని ‘నువ్వు’ అనీ, ఇస్త్రీ చొక్కావారిని ‘మీరు’ అనీ పిలిచే అలవాటు వార్డుల్లో త్వరగా అంటుకుంటుంది. అది నీకు అంటకూడదని నా కోరిక. చిన్నబుచ్చుకున్న మనిషి నీకు నిజం చెప్పడు.

నొప్పి గురించి నువ్వు నేర్చుకోవలసింది ఎక్కువ, ఎందుకంటే మన వాళ్ళకు నొప్పి ఒకటే కాదు. సలుపుతోంది అంటారు, పోటు పెడుతోంది అంటారు, గుంజుతోంది, మండుతోంది, పొడుస్తోంది అంటారు. ఒక్కో మాటా డాక్టరుకు ఒక్కో దారి చూపిస్తుంది. ఆపరేషనైన కాలు కట్టు లోపల సలుపుతోందని రాత్రి రెండింటికి ఒకరు చెబితే ‘నొప్పి ఉంది, మాత్ర ఇచ్చాను’ అని రాసి ఊరుకోక, వేళ్ళు చల్లబడ్డాయా, తిమ్మిరెక్కాయా, కదులుతున్నాయా అని చూసి, ఆ మాటలనే నర్సుల నోట్సులో ఉన్నవి ఉన్నట్టు రాసి, డ్యూటీ డాక్టరుకు కూడా అవే చెప్పు. రోంప అన్నా, పడిశం అన్నా, సర్ది అన్నా ఒకటేనని తెలుసుకోవడానికి నీకు నెల పట్టదు. కానీ ‘గ్యాసు’ అన్న మాట దగ్గర మాత్రం తప్పకుండా ఆగు. ‘గ్యాసు పట్టేసిందమ్మా, సోడా తాగితే పోతుంది’ అంటూ రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని చెమటలు కక్కుతున్న మనిషి గుండెపోటుతో ఉండవచ్చు. ఆయన దాన్ని ఏ పేరుతో పిలిచినా 10 నిమిషాల లోపు ఈసీజీ తీయించి డాక్టరుకు చూపించు.

మీ వార్డులో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు ఒకే ట్రేలో కలిసి ఉన్నాయేమో ఈ వారంలోనే చూసి, ఉంటే ఇన్‌చార్జి సిస్టరుగారికి చెప్పి వేరు చేయించు. ఏం జరిగిందో నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ