మూలకణాల సంగతి తరువాత, ముందు ఆ చెమ్మ చూపించండి

ప్రశ్న: నా వయసు 36. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. పది నెలల క్రితం బైకు మీద నుంచి పడి కుడి మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. రాడ్ వేశారు, ఇంకా అతకలేదు. ఇప్పుడు గ్రాఫ్ట్ వేయాలంటున్నారు. తుంటి నుంచి ఎముక తీయమంటారా, కృత్రిమ పదార్థం పెట్టమంటారా అని అడిగారు. కృత్రిమమైతే మూలకణాలు (స్టెమ్ సెల్స్) పనిచేస్తాయా? మూలకణాల ఇంజెక్షన్‌తో ఆపరేషన్ తప్పించుకోవచ్చా? నొప్పికి రోజూ మాత్ర వేసుకుని పనికి వెళుతున్నాను. కుట్టు దగ్గర అప్పుడప్పుడు చెమ్మ వస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చుకుంటాను, ఆరిపోతుంది.
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: మీరు అడిగింది గ్రాఫ్ట్ గురించి. నా కన్ను మాత్రం మీ చివరి వాక్యం మీద పడింది. ఎముక బయటికి వచ్చిన గాయం, లోపల రాడ్, పది నెలల తరువాత కూడా చెమ్మ. ఎక్స్‌రే చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, లోపల ఇన్‌ఫెక్షన్ లేదని రుజువయ్యే వరకు ఉందనే అనుకోవాలి. లోహం మీద సూక్ష్మజీవులు పొర కట్టుకుని దాక్కుంటాయి. మాత్రలతో పైన ఆరుతుంది, లోపల అలాగే ఉంటుంది.

మెడికల్ షాపు వైద్యంతో వచ్చే చిక్కు ఇక్కడే. ఆపరేషన్‌లో లోపలి కణజాలం తీసి కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు పంపితే, అరకొరగా వాడిన యాంటీబయాటిక్ వల్ల ఏ సూక్ష్మజీవీ పెరగకపోవచ్చు. అప్పుడు ఏ మందు ఇవ్వాలో మాకు తెలియకుండా పోతుంది. అందుకే వీలైతే పరీక్షకు ముందు రెండు వారాల పాటు యాంటీబయాటిక్ ఆపిస్తాం. అది మీ డాక్టర్ చెప్పి చేయాలి. ఈలోగా జ్వరం, ఎరుపు, వాపు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ఇంత చదివి మళ్లీ అదే షాపుకు వెళితే మాత్రం నేనేమీ చేయలేను.

ఇక మీ ప్రశ్న. తుంటి ఎముకలో బతికున్న కణాలు, వాటిని పురిగొల్పే ప్రోటీన్లు, పట్టు ఇచ్చే చట్రం మూడూ ఉంటాయి. ఖనిజం తీసేసిన ఎముకను జంతువుల కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టిందని 1965లోనే అమెరికా ఎముకల వైద్యుడు మార్షల్ యూరిస్ట్ చూపించారు. ఆ ప్రోటీన్ల మహిమే అది. తుంటి దగ్గర కొన్నాళ్లు నొప్పి ఉండడం దాని ఇబ్బంది.

కృత్రిమ పదార్థాలు, అంటే హైడ్రాక్సీ అపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వంటివి, శ్లాబుకు కొట్టే సెంట్రింగ్ లాంటివి. పని వాళ్లు మాత్రం మీ మజ్జ నుంచి, ఎముక పైపొర నుంచి రావాలి. అలాగని అవి మూలకణాలను చంపవు. గట్టి ఉపరితలం మీద మూలకణాలు ఎముక కణాలుగా, మెత్తని దాని మీద కొవ్వు వంటి కణాలుగా మారడానికి మొగ్గుతాయని ప్రయోగశాలల్లో చూశారు. గరుకుదనం, కరిగే కాల్షియం కూడా వాటి తీరును మారుస్తాయి. సుమారు 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) రంధ్రాలుంటే రక్తనాళాలు లోపలికి పాకడం సులువు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ నెలల తరబడి కరుగుతూ ఎముకకు చోటిస్తుంది. హైడ్రాక్సీ అపటైట్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇవన్నీ నిజమే. కానీ చీము పట్టిన చోట ఏది పెట్టినా దండగే.

నొప్పి మాత్ర ఏదో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్ వంటివి ఎముక అతుకుకు అవసరమైన ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గిస్తాయి. మనుషుల్లో దీని ప్రభావం ఎంతనే దానిపై ఏకాభిప్రాయం లేదు. కడుపుకు, మూత్రపిండాలకు చేటు చేస్తాయన్నది మాత్రం ఖాయం. బీడీ సంగతీ రాయలేదు. అలవాటు ఉంటే ఈరోజే మానండి. షుగర్ పరీక్ష చేయించండి.

ఇంజెక్షన్ మాట మరచిపోండి. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి తప్ప, మూలకణాల వాడకం అనుమతి పొందిన ప్రయోగాల్లోనే జరగాలి. అలాంటి ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా రేటు చెబితే అక్కడి నుంచి లేచి రండి.

ఈ వారంలోనే మీకు రాడ్ వేసిన డాక్టర్ దగ్గరికి గానీ, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఎముకల విభాగానికి గానీ వెళ్లండి. మొదటి రోజు నుంచి తీసిన ఎక్స్‌రేలన్నీ వరుసగా పెట్టుకోండి. మీరు మింగిన మాత్రల ఖాళీ అట్టలు ఇంట్లో ఉంటే అవి కూడా తీసుకెళ్లండి. నోటితో చెప్పిన మందు పేర్లు సగం సార్లు తప్పే అవుతాయి.