సంవత్సరీకం పుస్తకం రాస్తున్న అమ్మాయికి

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ పన్నెండు పేజీలూ అందాయి. మీ నాన్నగారి సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలన్న ఆలోచన బాగుంది. మొహమాటపడకుండా చెప్పమన్నావు కనుక చెబుతున్నాను.

మొదటి పేజీలోనే ఆయన్ను ఆదర్శ భర్త, ప్రేమమూర్తి అయిన తండ్రి అన్నావు. తండ్రి సంగతికి నువ్వే సాక్షివి. భర్త సంగతి నీకెలా తెలుసు? అది తెలిసింది మీ అమ్మ ఒక్కదానికే. ఇన్ని పేజీల్లో ఆవిడ మాట ఒక్కటీ లేదు. 'అమ్మ కుంగిపోయింది' అని ఒకచోట రాశావు, అంతే.

ఏడో పేజీ చివర ఒక వాక్యం ఉంది. రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో సెకండ్ షిఫ్ట్ ముగించుకుని వచ్చేటప్పుడు, అమ్మకు నిద్రాభంగం అవుతుందని వీధి మొదట్లోనే స్కూటర్ ఆపేసి ఇంటిదాకా తోసుకుంటూ వచ్చేవారని. దాన్ని అలా వదిలేసి మళ్లీ 'నిరాడంబరుడు, మృదుభాషి' అంటూ వెళ్లిపోయావేమిటి? ఆ స్కూటర్ బజాజా, లాంబ్రెట్టానా? పెరంబూరులో ఏ వీధి? వాన పడి వీధి చెరువైనప్పుడూ తోసేవారా? గేటు తీసేదెవరు? అన్నం మూతపెట్టి ఉండేదా, ఆవిడ లేచి వడ్డించేదా? అసలు మీ అమ్మ నిజంగా నిద్రపోయేదా? వెళ్లి అడుగు.

అడిగేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని ఎదురుగా కూర్చోకు. 'దేవుడిలాంటి మనిషమ్మా' అని కళ్లొత్తుకుని ఊరుకుంటుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నప్పుడు పక్కన చేరి నువ్వూ నాలుగు తియ్యి. ముందు దేని మీద పోట్లాడుకునేవారో అడుగు. అలకలతో మొదలుపెడితే మిగతావి వాటంతటవే వస్తాయి.

ఆవిడ తారీకులు చెప్పదు. 'నీళ్ల కరువప్పుడు నన్ను బిందె ముట్టనిచ్చేవారు కాదు' అంటుంది. ఈ ఊళ్లో నీళ్ల కరువులు ఒకటా రెండా? అది 2003-04 నాటిదా, ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ అడుగంటిన 2019 వేసవిదా? మొదటిదైతే లారీ దగ్గర బిందెల వరసలో నిలబడింది డ్యూటీ చేసి అలసిన మనిషి. రెండోదైతే రిటైరై, మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి. రాసే తీరే మారిపోతుంది. మీ అన్నయ్య అప్పుడు ఏం చదువుతున్నాడో అడిగితే లెక్క తేలిపోతుంది.

ఐసీఎఫ్ చరిత్ర పేజీన్నర తీసెయ్. 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించిన సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. ఊరెళ్లేటప్పుడు రైలెక్కగానే ఆయన ముందు మిడిల్ బెర్తు గొలుసు లాగి చూసి, ఆ తర్వాతే మీ అమ్మను కూర్చోమనేవారని రాశావే, అది ఉంచు. అది నువ్వు తప్ప ఎవరూ రాయలేరు.

ఆస్పత్రి గురించి నాలుగు పేజీలున్నాయి. నీ కోపం, ఆ రోజుల టెన్షన్ అర్థమయ్యాయి. అయినా అంత జీవితం గడిపిన మనిషిని ఐసీయూలో ఇరికించకు. ఒక పేరా చాలు.

ఇక ఒక చిక్కు. 'ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు' అన్నావు. మూడు పేజీలు తిప్పితే, బాబాయి నీ పెళ్లికి రాలేదని ఉంది. చదివేది బంధువులు, పొలం గొడవ వాళ్లకు నీకన్నా బాగా తెలుసు. తగువులు తీర్చడానికి సంవత్సరీకం పుస్తకం చోటు కాదు కాబట్టి కారణం రాయక్కర్లేదు. ఆ పల్లెత్తు మాట వాక్యం మాత్రం కొట్టెయ్. కోపమొస్తే రెండు రోజులు మాట్లాడేవారు కాదని నువ్వే నాతో అన్నావుగా, అది రాయి. నేను చదివిన సంస్మరణ సంచికల్లో కోపమొచ్చిన తండ్రి ఒక్కడూ కనబడలేదు. ఇంతమంది శాంతమూర్తులుంటే మనవాళ్లకు ఇన్ని కోర్టు కేసులు ఎక్కణ్నుంచి వచ్చాయో!

ప్రెస్సుకు ఇచ్చేముందు మొత్తం మీ అమ్మకు చదివి వినిపించు. 'ఇది వద్దు' అంటే వాదించకుండా తీసెయ్, అది ఆవిడ కాపురం. 'అలా కాదే, ఏం జరిగిందంటే' అని మొదలుపెడితే మాత్రం పెన్ను తీసుకో. పనిలో పనిగా, ఫొటోల వెనక ఎవరెవరో, ఏ ఊరో ఇప్పుడే రాయించు.

తిరగరాసింది పోస్టులో పంపు, ఫోన్‌లో నేను చదవలేను.

ఆశీస్సులతో,
మాస్టారు