అమ్మకి చెవి మిషను: ఇక్కడ కొనాలా, వైజాగ్‌లోనా?

ప్రశ్న: అన్నా, మాది గాజువాక. కాలిఫోర్నియా వచ్చి ఎనిమిది నెలలైంది. అమ్మకి వినికిడి బాగా తగ్గింది. ఇక్కడ మంచి చెవి మిషను కొని సంక్రాంతికి పట్టుకెళ్దామనుకుంటున్నాను. వారంటీ ఉంటుంది కాబట్టి టెన్షన్ లేనట్టేనా?

జవాబు: తమ్ముడూ, నేనూ అచ్చం ఇదే పని చేశాను. నాన్నకని ఇక్కడో దుకాణంలో కొని, సూట్‌కేసులో పెట్టుకుని ఎంవీపీ కాలనీ దాకా మోసుకెళ్ళాను. పెట్టుకున్న రెండో రోజే చెవిలో ఈల. టీవీలో మాట అందదు, ఫ్యాను చప్పుడు మాత్రం హోరుమంటుంది. డాబాగార్డెన్స్‌లో వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టుకి చూపిస్తే, "ఇది లాక్ చేసిన మిషనండీ, అమ్మినవాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో తప్ప తెరుచుకోదు" అన్నారావిడ. నేను తిరిగొచ్చేసరికి వెనక్కిచ్చే గడువు కాస్తా దాటిపోయింది.

ఆ గడువు సంగతే చాలామందికి తెలీదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం చెవి మిషను అమ్మేవాళ్ళు అది కొన్నవాళ్ళ అవసరానికి సరిపోతుందని రాసివ్వాలి. మిషను పాడవక్కర్లేదు, సరిపోకపోతే చాలు. చేతికందిన 45 రోజుల్లోపు తిరిగిచ్చేస్తే సరిచేయాలి, లేదా మార్చాలి, లేదా డబ్బు వాపసివ్వాలి. చక్రాల కుర్చీలాంటి మిగతా సాధనాలకి 30 రోజులు. అయితే కేటలాగ్ చూసి ఇంటికి తెప్పించుకున్న కుర్చీకి ఆ హక్కు వర్తించదు.

45 రోజులూ మిషను సూట్‌కేసులో ఉంటే ఈ హక్కు ఎందుకూ కొరగాదు. అందుకని మిషనుని అమ్మ దగ్గరికి తీసుకెళ్ళకు, అమ్మనే ఇక్కడికి రప్పించు. వచ్చిన మొదటి వారంలోనే కొను. గుడిలో, ఫోన్లో, వంటింట్లో కుక్కరు కూతల మధ్య పెట్టుకుని చూడమను. తేడా వస్తే దుకాణానికి ఈమెయిల్ పెట్టు. ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు.

మరమ్మతు వారంటీ వేరే. 15 డాలర్లు దాటిన వస్తువుకి రాతపూర్వక వారంటీ ఉంటే, కొనకముందే చదువుకోనివ్వాలని ఇక్కడి ఫెడరల్ నిబంధన. మొహమాటపడకుండా అడిగి చదువు. ఇండియాలో చెల్లుతుందా, పంపే ఖర్చెవరిది, మిషను లాకైందా అన్నవి రాయించుకో.

అమ్మ రాలేకపోతే వైజాగ్‌లోనే కొనిపించు. ఒక్కసారి పెట్టి వదిలేసేది కాదిది, నాలుగైదుసార్లు వెళ్ళి ట్యూనింగ్ చేయించుకోవాలి. అక్కడ కొంటే 2019 నాటి వినియోగదారుల చట్టం అండగా ఉంటుంది. అమ్మ ఉన్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, సమస్య వచ్చిన రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా సరే. బిల్లు అమ్మ పేరునే రాయించు.

ఇంకొకటి, మన ఊరి చెమట, ఉప్పుగాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు. తడి తగిలి పాడైతే వారంటీ వర్తిస్తుందో లేదో ముందే అడుగు. రాత్రిళ్ళు మిషను పెట్టుకునే తేమ పీల్చే డబ్బా ఒకటి ఇమ్మను.