పార్వతీపురానికి ఇద్దరు ఎంపీలు

ప్రశ్న: "యాభై ఏడు ఎలక్షన్లలో పార్లమెంటుకి నేను రెండు ఓట్లేశాను, వి.వి.గిరిగారు ఓడిపోయింది అప్పుడే" అని మా తాతగారు చెప్పేవారు. ఒక మనిషికి రెండు ఓట్లేమిటి మాస్టారూ? పైగా జనరల్ సీటు కూడా రిజర్వుడుకి నిలబడ్డాయనకే ఇచ్చేశారట. అది అన్యాయం కాదా? ఇంతకీ ఆ పార్లమెంటు స్థానం ఏమైంది?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: మీ తాతగారు దొంగ ఓటేమీ వేయలేదు, నిశ్చింతగా ఉండండి. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే స్థానం నుంచి ఇద్దరు ఎంపీలు. ఒక సీటు జనరల్, ఒకటి గిరిజనులకి. (అప్పుడు మనది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది.) బ్యాలెట్ మీద ముద్ర గుద్దే పద్ధతి ఇంకా రాలేదు. గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టెకి గుర్తు అంటించి ఉండేది. ఓటరు చేతిలో రెండు కాగితాలు పెట్టేవారు. రెండూ ఒకరికే వేస్తానంటే కుదరదు, ఇద్దరికి పంచాల్సిందే.

లెక్క ఇలా తేల్చేవారు. ముందు గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చినవారికి రిజర్వుడు సీటు. ఆ తర్వాత మిగిలినవాళ్లందరినీ కలిపి చూసి, ఎవరికి ఎక్కువొస్తే వారికి జనరల్ సీటు. రిజర్వుడు సీటు బిడ్డిక సత్యనారాయణకి వెళ్లింది. మిగిలినవాళ్లలో పైన ఉన్నది డిప్పల సూరిదొర, ఆయనా గిరిజనుడే. ఆయన వెనక, ఆరొందల లోపు ఓట్ల తేడాతో వి.వి.గిరి. 1952లో పాతపట్నం నుంచి గెలిచి, నెహ్రూగారి దగ్గర కార్మిక మంత్రిగా చేసి, బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదంలో వచ్చిన ట్రిబ్యునల్ తీర్పు (అవార్డు) విషయంలో ప్రభుత్వంతో పొసగక 1954లో రాజీనామా ఇచ్చిన గిరిగారే.

గిరిగారు ఊరుకోలేదు. రిజర్వుడు సీటుకి నామినేషన్ వేసినాయన జనరల్ సీటు ఎలా తీసుకుంటారన్నది ఒక వాదన. సూరిదొరగారు క్షత్రియుడిగా మారిపోయారు, ఇంక గిరిజనుడు కాదన్నది ఇంకోటి. 1959లో సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టేసింది. దొరగారి ఎన్నిక నిలబడింది.

అన్యాయమా అంటే, నేను ఒప్పుకోను. రిజర్వేషన్ అంటే ఇంతకు తగ్గకూడదని గానీ, ఇంతకు మించకూడదని కాదు. జనరల్ అన్నంత మాత్రాన గిరిజనుడికి తలుపు వేసినట్టు కాదు కదా! ఓట్లు ఎక్కువొచ్చాయి, గెలిచారు. ఇక గిరిగారికి జరిగిన నష్టమంటారా, అదే ఏడాది ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు, 1969లో రాష్ట్రపతి కూడా అయ్యారు. ఈ రెండేసి సీట్ల తలనొప్పిని మాత్రం 1961లో పార్లమెంటు చట్టం చేసి వదిలించుకుంది. 1962 నుంచి మనిషికి ఒకే ఓటు.

పార్వతీపురం పార్లమెంటు స్థానం 2008 నియోజకవర్గాల పునర్విభజనలో రద్దయింది. పార్వతీపురం, సాలూరు, కురుపాం, పాలకొండ అసెంబ్లీ సెగ్మెంట్లు కొత్తగా వచ్చిన అరకు పార్లమెంటు స్థానంలోకి వెళ్లాయి. 2004లో పార్వతీపురం నుంచి గెలిచిన కిశోర్ చంద్రదేవే 2009లో అరకు తొలి ఎంపీ. ఇప్పుడు మీ ఎంపీగారు అటు పాలకొండ నుంచి ఇటు గోదావరి పక్కన రంపచోడవరం దాకా తిరగాలి. అర్జీ ఇవ్వాలనుకుంటే మాత్రం, ఎంపీగారు మీ వైపు వచ్చే రోజు ముందే కనుక్కుని బయలుదేరండి.