మంచుకొండలకు వెళ్లేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి, వాడి స్నేహితులు ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ ట్రెక్‌కు వెళ్తున్నారు. "మంచు కురిసే రోజు కదలం, ఎండ కాస్తేనే బయల్దేరతాం, భయం లేదమ్మా" అంటున్నాడు. నమ్మొచ్చా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: సగమే నమ్మండమ్మా. అక్కడ అసలు భయం మంచుచరియలది, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి జారిపడటం. ఒక్క రోజులో అడుగు మందం కొత్త మంచు పడితే, ఆ తర్వాత కనీసం ఒకటి రెండు రోజులు, ఎంత ఎండ కాసినా, నిటారు వాలు జోలికి పోకూడదు. గాలి మరీ మోసకారి. చినుకంత మంచు కురవకపోయినా శిఖరానికి ఒక వైపున్న మంచును ఎత్తి రెండో వైపు పోస్తుంది. అక్కడ అది పలకలా బిగుస్తుంది.

అసలు చిక్కు అడుగున ఉంటుంది. సీజన్ మొదట్లో మంచు పల్చగా ఉన్నప్పుడు నేల దగ్గర సున్నా డిగ్రీలు, పైన రాత్రిపూట అంతకన్నా చాలా తక్కువ. ఆ తేడాకి లోపల ఆవిరి పైకి లేచి, అడుగు మంచు పంచదార పలుకుల్లా విడివిడి గింజలవుతుంది. దాని మీద బిగిసిన పలక తెగి జారడానికి ఒక్క మనిషి బరువు చాలు. ఈ బలహీన పొర వారాల తరబడి అలాగే ఉండిపోగలదు.

పలకలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. ట్రెక్కింగ్ కర్రను వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి, దానిపై ఫోన్ అంచు ఆనిస్తే కోణం యాప్‌లో తెలిసిపోతుంది. అయితే అనుమానమున్న వాలెక్కి కొలవకూడదు, ముందే మ్యాప్‌లో చూసుకోవాలి. బాట చదునుగా ఉందని మురిసిపోవద్దు. పైనున్న వాలు తెగితే వచ్చేది బాట మీదికే. అడుగు వేయగానే కింద 'ధుమ్' మని కుంగినా, కాలి దగ్గర్నుంచి బీట సాగినా వెంటనే వెనక్కి తిరగాలి.

చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ హిమాలయ ప్రాంతాలకు మంచుచరియల ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. వాటిని ఎవరు చూస్తారో నిర్వాహకుణ్ణి అడగమనండి. నీళ్లు నమిలితే డబ్బు వెనక్కి తీసుకోవడమే మేలు.

ప్రశ్న: గట్టిగా అరిస్తే మంచుచరియ విరిగిపడుతుందంటారు, నిజమా?
— సిరొంచ పాఠకుడు

జవాబు: కాదు. సినిమాల్లోనే. మనిషి గొంతుకు అంత బలం లేదు.

ప్రశ్న: మంచు కింద చిక్కినవాళ్లను సిగ్నల్‌తో వెతికే బీకన్ అద్దెకు దొరుకుతోంది. అదొక్కటీ ఉంటే చాలదా?
— బరంపురం నుంచి ఒక విద్యార్థి

జవాబు: చాలదు. బీకన్ దారి చూపుతుంది, తవ్వి తీయదు. ప్రతి ఒక్కరి దగ్గరా మూడూ ఉండాలి: 457 కిలోహెర్ట్జ్ బీకన్, మంచులో గుచ్చి వెతికే, 240 సెంటీమీటర్లకు తగ్గని ప్రోబ్ కడ్డీ, లోహపు పార. ప్లాస్టిక్ పార వద్దు. జారి ఆగిన మంచు బండబారిపోతుంది, పార విరుగుతుంది. మొదటి 10-15 నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ. అరగంట దాటితే బాగా పడిపోతుంది. బయటినుంచి సాయం వచ్చేలోపు మీరే తవ్వాలి.

బీకన్‌ను ఒంటికి కట్టుకుని, బయల్దేరేటప్పుడే 'పంపే' మోడ్‌లో పెట్టాలి. ఫోన్‌ను దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడైతే కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. లేకపోతే సిగ్నల్ గందరగోళమవుతుంది. సంకేతం బలంగా ఉన్నచోట ప్రోబ్‌ను వాలుకు లంబంగా, 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్లు తిరుగుతూ గుచ్చండి. తగిలాక కడ్డీ పీకొద్దు. దిగువ వైపునుంచి తవ్వుకుంటూ వెళ్లాలి.

సాధనకు మంచే అక్కర్లేదు. గోపాల్‌పూర్ ఇసుకలో ఒక బీకన్‌ను సంచిలో పెట్టి పాతి, గడియారం పట్టుకుని వెతకండి. అయిదు నిమిషాల్లో దొరకకపోతే మళ్లీ పాతండి.