అటకమీది డిస్కులు దించే ముందు

చిట్టీ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఇంట్లో కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేశావట. అటకమీదున్న మన కంపోజింగ్ షాపు హార్డ్ డిస్కులన్నీ దించి, మేం కంపోజ్ చేసిన పుస్తకాలు బయటికి తీసి యూనికోడ్‌లోకి మారుస్తానంటున్నావట. హాలంతా దుమ్మయిందని వాడి గోల. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. సగం సంతోషం, సగం భయం. అమ్మకు మెసేజ్ పెట్టినా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే పిల్లవి, నీకు చిక్కడపల్లి షాపు పుస్తకాల మీద మనసు పోవడమేమిటే! ఫోన్‌లో చెబితే “సరే అత్తా, సరే అత్తా” అంటావు తప్ప వినవు. అందుకే రాస్తున్నాను.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది కాబట్టి మారావు, మంచిదే. పాత డిస్కుల విషయంలో లినక్స్ నీకు మేలే చేస్తుంది. ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్‌ఎస్ అని విండోస్ ఫైళ్ళు పెట్టుకునే పద్ధతులు రెండు, మా డిస్కుల్లో రెండూ ఉన్నాయి, లినక్స్ రెంటినీ చదువుతుంది. విండోస్‌లోలాగా “నీకు అనుమతి లేదు” అని అడ్డం పడదు. విండోస్ ఎక్స్‌పీలో ఎవరైనా ఫైళ్ళను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, ఉంటే తప్ప. మా షాపులో అంత తెలివైనవాళ్ళు ఎవరూ లేరులే.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. పాత ఐడీఈ డిస్కుకు వెనక నలభై పిన్నులుంటాయి, కేబుల్ అడ్డంగా తోస్తే వంగుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి పాత ఐడీఈ, కొత్త రకం సాటా రెండూ పట్టే యూఎస్‌బీ అడాప్టర్ అడుగు, కరెంటు అడాప్టర్ విడిగా ఉన్నదే తీసుకో. పెద్ద డిస్కులకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ నుంచి అది రాదు. డిస్కును బల్లమీద పడుకోబెట్టు, తిరుగుతున్నప్పుడు కదపకు. టకటకమని కొట్టుకుంటే వెంటనే ఆపెయ్, “ఇంకోసారి చూద్దాం” అనకు. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబితే నవ్వేసి ఊరుకో. మూత విప్పి చూస్తామనే వాళ్ళ చేతికి అసలివ్వకు. లోపల పళ్ళేనికీ హెడ్డుకూ మధ్య ఉండే సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు, మన హైదరాబాద్ గాలిలో ఉన్న దుమ్ము దానికి బండరాయి.

నీళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. 2020 అక్టోబరు వానలకు సెల్లార్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు మన సీపీయూలు రెండు మునిగాయి. మామయ్య వాటిని ఎండలో పెట్టి, డిస్కులు ఊడదీసి, మిగతావాటితోపాటే అటకెక్కించేశాడు. హార్డ్ డిస్కుకు గాలి పీల్చుకోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి నీళ్ళూ పోతాయి. తడి ఆరినా లోపల మురికి పొర మిగలొచ్చు. వాటి లేబుళ్ళు ఉబ్బి, అంచుల్లో తుప్పు పట్టి ఉంటాయి. చూస్తే నీకే తెలుస్తుంది. వాటికి కరెంటు ఇవ్వకు. గుడ్డలో చుట్టి పక్కన పెట్టు. ఎప్పుడైనా డబ్బులుంటే ల్యాబ్‌కి ఇద్దాం. చినుకు పడితే నాకు ఇప్పటికీ ఆ సెల్లార్ వాసన వస్తుంది, నవ్వకు.

మంచి డిస్కు దొరికినా వెంటనే ఫైళ్ళు తెరిచి చూడకు. ముందు డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా కాపీ చెయ్. అందుకు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడు. బాగున్న చోట్లన్నీ ముందు చదువుకుపోతుంది, మొండికేసిన చోటికి తర్వాత వస్తుంది. మ్యాప్ ఫైలు పెట్టడం మరిచిపోకు, అది ఉంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చు. ఏది పాత డిస్కో, ఏది కొత్తదో పేరు చూసి నమ్మకు, లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు అటూఇటూ మారుతుంటాయి. సైజు చూసి పోల్చుకో. మా డిస్కుల్లో పెద్దది 80 జీబీ, చిన్నది 4.3 జీబీ. టీబీల్లో కనిపించిందంటే అది నీదే, దానిమీదికి రాయబోతున్నావంటే ఆగు. ఆ తర్వాత పనంతా ఇమేజ్‌కి తీసిన ఇంకో కాపీ మీదే. పార్టిషన్, అంటే డిస్కులోని సీ, డీ లాంటి భాగం, కనబడకపోతే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో వెతుకు. ఫొటోరెక్ అనే ఇంకో ప్రోగ్రాం చివరి ఆశ. ఫైళ్ళు తెస్తుంది కానీ పేర్లు తేదు. ఏ పుస్తకం ఎవరిదో తెలియక మనం తల పట్టుకోవాలి.

ఇంకొకటి. బయటికి తీసినవి నువ్వు లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో పెట్టి బల్లమీద వదిలేస్తే, మీ నాన్న దాన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌కి తగిలిస్తాడు. విండోస్‌కి అది అర్థం కాదు, “ఫార్మాట్ చెయ్యాలా” అని అడుగుతుంది. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరేమడిగినా ఊఁ అంటాడు. రెంటికీ అర్థమయ్యే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో పెట్టుకో, లేదా వాడికి అందకుండా దాచు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను రాస్తున్నానని మామయ్యకు చెప్పకు. ఇన్నేళ్ళయినా మా ఇంట్లో ఈ మాట ఎత్తితే ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతాడు.

జనగామ వైపు పనిచేసి రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉండేవారు. వ్యవసాయం మాటలన్నీ పోగుచేశారు. మోట, దాని తొండం, గిరక, మోకు, గొర్రు, గుంటుక, జడ్డిగం. ఒక్కో మాట కింద అది ఏ ఊళ్ళో విన్నదో, ఎవరు ఎలా పలికారో రాసేవారు. మేం కంపోజ్ చేస్తుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని, “అమ్మా, ఆ ళ అక్కడ ల కాదు సుమా” అంటుండేవారు. రెండు వందల పేజీల దాకా అయింది. రెండో ప్రూఫు వచ్చేసరికి చేతిరాత కట్ట నలిగి, టీ మరకలతో మూలపడి, పాత కాగితాల్లో పోయింది. ఏ షాపులోనైనా అంతే, కంపోజ్ అయ్యాక రాతప్రతి ఎవరిక్కావాలి?

అప్పుడే విండోస్ 98 తీసి ఎక్స్‌పీ వేయించాడు మామయ్య. నేను మీ పెద్దక్క పురిటికి ఊరెళ్ళాను. హార్డ్‌వేర్ కుర్రాడు బుద్ధిమంతుడే, “డీ డ్రైవు ముట్టుకోను సార్, మీ పుస్తకాలన్నీ అందులోనే కదా” అన్నాడట. అన్నమాట ప్రకారం సీ ఒక్కటే ఫార్మాట్ చేశాడు. ఫైలు ఒక్కటి పోలేదు. కానీ తెలుగు ఫాంట్లు ఉన్నది సీలో. కుర్రాడు తన దగ్గరున్న సీడీలోంచి వేరే ఫాంట్లు వేసి వెళ్ళాడు.

మామయ్య పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరిచాడు. ఫలానా ఫాంటు లేదు, దాని బదులు ఇది వాడుతున్నాను అని ఒక పెట్టె వచ్చింది. ఓకే కొట్టాడు. మాస్టారి పుస్తకం తెరుచుకుంది. నాగలి ఉండాల్సిన చోట నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, తిరగబడ్డ ప్రశ్నార్థకాలు. రెండు వందల పేజీలూ అదే. ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఏం జరిగినా వైరస్సే. మిగతా ఫైళ్ళకి కూడా అంటుకుంటుందని ఆ ఫోల్డరు మొత్తం తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు. తీసేసిన ఫైలు డిస్కు మీద అలాగే ఉంటుంది, దాని చోటులో ఇంకోటి రాసేవరకూ. అది ఆయనకు తెలియదు. పెళ్ళిళ్ళ సీజను, అదే డీ డ్రైవులోకి రోజూ శుభలేఖలు, ఫొటోలు, స్కానింగులు. నేను తిరిగొచ్చి రికవరీ చేయించేసరికి చేతికొచ్చింది ముందుమాటలో సగం, “గ”లో కొన్ని మాటలు.

మాస్టారు మూడో ప్రూఫు కోసం వచ్చారు. మామయ్య నోటమాట రాలేదు, నేనే చెప్పాను. ఆయన అరిచి ఉంటే బాగుండేది. “ఫరవాలేదమ్మా, మీరేం చేస్తారు” అని, అడ్వాన్సు కూడా అడక్కుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత దసరాకి ఉత్తరం రాసేవారు కానీ పుస్తకం మాట ఎత్తలేదు.

ఆ ఫైలుకి వైరస్ లేదు చిట్టీ, ఏమీ లేదు. మీకిప్పుడు యూనికోడ్‌లో తెలుగుకి 128 చోట్లున్న సొంత పట్టిక ఉంది. ‘క’ ఎక్కడైనా ‘క’యే. మా ఫాంట్లలో మొత్తం చోట్లే 256, అవీ ఇంగ్లీషు అక్షరాల కోసం పెట్టినవి. వాటిలోనే తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము, ఒత్తు తలా ఒక ముక్కగా కోసి కూర్చేవారు. ఫాంట్లు చేసేవాళ్ళలో అను వాళ్ళ అమరిక ఒకటి, శ్రీలిపి వాళ్ళది ఇంకొకటి. ఫైల్లో ఉన్నది ఆ చోట్ల నంబర్లే. తాళంచెవి ఫాంటు దగ్గర ఉంది.

కాబట్టి నీకు పిచ్చి గీతలు కనిపిస్తే సంతోషించు, ఫైలు బతికుందని అర్థం. చెత్త అని తీసెయ్యకు. సీ డ్రైవులో ఏముంది, విండోసే కదా అని వదిలెయ్యకు. ప్రతి డిస్కులోనూ విండోస్ కింద ఉన్న ఫాంట్స్ ఫోల్డరు తియ్, సీలోనే పీఎస్‌ఫాంట్స్ అని ఇంకోటి ఉంటే అదీ తియ్. ఏ డిస్కు ఫాంట్లు ఆ డిస్కు పుస్తకాలతోనే ఉంచు, అన్నీ ఒక్కచోట కుప్ప పొయ్యకు. ఒకే పేరుతో ఉన్న ఫాంట్లలోనూ వెర్షన్ మారితే అమరిక తేడా వస్తుంది. పీ65, పీఎండీ అని ఉన్నవి పేజ్‌మేకర్ ఫైళ్ళు. లిబ్రేఆఫీస్ డ్రాలో తెరుచుకుంటాయి, పేజీ అమరిక చెదిరినా మాటలు చూసుకోవచ్చు. ఇన్‌డిజైన్ సీఎస్6 ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా మేలు. ఏది తెరిచినా సేవ్ మాత్రం కొట్టకు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, ఒత్తుల దగ్గరా ‘ఱ’ దగ్గరా తడబడతాయి. ప్రూఫు నేను చూస్తాను. కళ్ళజోడు మార్చుకున్నాను, బాగానే కనిపిస్తోంది.

దొరికిందల్లా ఇంటర్నెట్‌లో పెట్టెయ్యకు. మేం అక్షరాలు కూర్చామంతే, పుస్తకం రాసినవాళ్ళది. పోయిన తర్వాత కూడా అరవై ఏళ్ళు హక్కు వాళ్ళ వాళ్ళకే ఉంటుంది. ఎవరి పిల్లలు ఎక్కడున్నారో నాకు చాలావరకు తెలుసు, అడుగుదాం. వీలునామాలు, విడాకుల నోటీసులు కూడా మా దగ్గరే టైపు చేయించుకునేవారు. అలాంటివి కనబడితే చదవకుండా మూసెయ్.

డిస్కుల్లో ఒకటి సిగేట్‌ది, 4.3 జీబీ. పైన నా చేతిరాతతో ఎర్ర స్కెచ్‌పెన్‌తో “పాత పెంటియం” అని ఉంటుంది. ఎక్స్‌పీ రాకముందు దానిమీద కూడా కంపోజింగ్ నడిచేది. ఆ రెండు వందల పేజీల్లో మొదటి భాగం దానిమీదే కొట్టామని నాకు గుర్తు, మామయ్యేమో కాదంటాడు. మెషీన్ మూలపడ్డాక దాన్ని ఎవరూ తిప్పలేదు. నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను, చెబితే ముందు దాన్నే తగిలిస్తావు. నువ్వూ మీ నాన్న కూతురివే కదా. వద్దు. ముందు శుభలేఖల డిస్కులమీద చెయ్యి తిరగనీ. ఇమేజ్ తీయడం, కాపీని మౌంట్ చేసి తెరవడం, ఫాంట్లు పట్టుకోవడం నీకు కళ్ళు మూసుకుని వచ్చేదాకా దాని జోలికి పోకు.

అప్పుడు దాన్ని పాత తువ్వాల్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇక్కడికి తీసుకురా. బండి వెనక డిక్కీలో వద్దు, నారాయణగూడ గతుకులు నీకు తెలుసు. మన ఇంట్లో యూపీఎస్ ఉంది, తిప్పడం ఇక్కడే తిప్పుదాం. వచ్చేటప్పుడు యూఎస్‌బీ సీడీ డ్రైవు ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తే. విండోస్ 98 నాటి ఫాంట్ సీడీలు నా బీరువాలో చీరల కింద ఉన్నాయి, నీ ల్యాప్‌టాప్‌కేమో సీడీ పెట్టే చోటే లేదాయె. శనివారం అయితే మామయ్య పొద్దున్నంతా గుడి దగ్గరే ఉంటాడు.

మీ అత్త